ఓర్విల్ టాంగెన్ కట్టిన చీటీ

ఓర్విల్ టాంగెన్ చేసిన పిస్తోలు నిజంగా అంత ధర చేస్తుందా అని నా కొట్టుకొచ్చి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొందరు రేపిడ్ సిటీ నుంచి, కొందరు ఏకంగా డెన్వర్ నుంచి బండేసుకుని వస్తారు. ఏదో ఒకటి చెప్పి పంపించేస్తాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే కౌంటర్ వెనక నిలబడి మేకులూ పెయింటూ తూటాలూ అమ్ముతున్నాను. తుపాకుల మీద నోరు పారేసుకోవడం నాకు మొదటినుంచీ జబ్బు. ఆ జబ్బే ఒక మనిషిని తినేసింది. ఇద్దరిని అనాలేమో.

ఓర్విల్ మా ఊరు స్టాన్‌విక్‌కి పదకొండు మైళ్ల దూరంలో, కంకర రోడ్డు చివర ఉండేవాడు. ఇల్లొకటి, దాని పక్కన రేకుల షెడ్డొకటి. రైల్వే వర్క్‌షాపులో లేతు మీద పని నేర్చుకుని, ఆ వర్క్‌షాపు మూతపడ్డాక పిస్తోళ్లు చెయ్యడంలో పడ్డాడు. భార్య ఇనెజ్ స్కూలు బస్సు నడిపేది. పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో కాఫీ దగ్గర కూడా గోడవారగా నిలబడేవాడు. ఎవరైనా పలకరిస్తే వాన గురించి రెండు ముక్కలు చెప్పి, మళ్లీ కప్పులోకి చూసుకునేవాడు. అలాంటివాడి పేరు ఎక్కడో ఫ్లోరిడాలో ఉండే డాక్టర్లకూ వకీళ్లకూ తెలుసంటే మాకు నవ్వొచ్చేది.

ఏడాదికి పది పిస్తోళ్లు చేస్తే గొప్ప. కింది భాగమూ, దాని మీద జారే పైదిమ్మా ఒకదానిలో ఒకటి దూరనంత బిగుతుగా ఉన్నవే తెప్పించుకునేవాడు. నీలం రంగు పూసి, కలిపి చూసి, రంగు ఎక్కడ చెరిగిందో అక్కడ ఆకురాయితో రెండు గీతలు గీసి, కడిగి, మళ్లీ రంగు పూసేవాడు. ఇలా తొమ్మిది రోజులు. చివరికి ఆ దిమ్మ చేత్తో లాగితే వెన్న మీద కత్తి జారినట్టు జారేది. పట్టుకుని ఊపితే చప్పుడన్నది ఉండేది కాదు. ధర నాలుగు వేల రెండొందల డాలర్లు. డబ్బు చేతిలో ఉన్నా నాలుగేళ్లు ఆగాలి.

ఆయనకొక నియమం ఉండేది. ట్రిగ్గర్ మూడున్నర పౌన్ల బరువుకు లాగితేనే కదలాలి, అంతకన్నా తేలిక చెయ్యడు. తేలిక చెయ్యాలంటే లోపల తూటాను కొట్టే సుత్తిని పట్టి ఉంచే చిన్న కొక్కేన్ని ఇంకా పలచగా కొయ్యాలి. మినియాపోలిస్ నుంచి ఒక డాక్టరు ఫోన్ చేసి, రెండు పౌన్లకు చేసిపెడితే రెట్టింపిస్తానన్నాడట. ఈయన ఫోన్ పెట్టేశాడని ఇనెజ్ చెప్పింది.

ఒకసారి ఆకురాళ్ల కోసం వచ్చినప్పుడు నేనే కదిపాను.

"మిమ్మల్ని ఒకటడుగుతా, ఏమీ అనుకోకండి. నా అరలో ఐదొందల డాలర్ల పిస్తోలుంది. అదీ గురికాగితంలో అదే చిల్లు పెడుతుంది. ఔనా కాదా?"

"పెడుతుంది" అన్నాడు.

"మరి మీదానికి వీళ్లు అన్ని వేలు ఎందుకు పోస్తారంట?"

"నీదాంట్లో లోటేం లేదు, లైల్. నా బండిలో ఉండేది కూడా అదే." ఆకురాయి అంచు మీద బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. "నేను చేసేది, తేడా చేతికి తెలిసేవాళ్లకి. తెలియని చేతికి ఐదొందలదే మంచిది."

ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. ఆ మనిషికి ఎత్తిపొడవడం చేతకాదు. కానీ కొట్లో మూలన కాఫీ కుండ దగ్గర కూర్చున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. దాదాపు ఇరవై ఏళ్లు తుపాకులమ్మినవాణ్ణి, నా చెయ్యి తెలియని చెయ్యా అని నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఆరలేదు. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది, కానీ అప్పుడు అది లోపల అలాగే రాజుకుంటూ ఉంది.

మెర్ల్ కోవార్ ధాన్యం గోదాములో ముప్పై ఒక్కేళ్లు మూటలు మోసినవాడు. పెళ్లాం పోయాక ఒంటరిగా ఉండేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు. శనివారం పొద్దున ఊరి బయట తుపాకులు పేల్చే రేంజికెళ్లి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచెయ్యి చాచి, పాతకాలపు పద్ధతిలో ఒంటిచేత్తో గురికాగితాలు కొట్టేవాడు. అదొక్కటే వాడి సుఖం. ఓర్విల్ జాబితాలో పేరు రాయించుకున్నప్పుడు ఊరంతా వాణ్ణి వెక్కిరించింది. అందరికంటే ఎక్కువ వెక్కిరించింది నేనే. నాలుగేళ్లు ఆగాడు. ఆ నాలుగేళ్లలో వేళ్ల కీళ్లు వాచి వంకర్లు పోయాయి. ట్రిగ్గర్ లాగుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

పిస్తోలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు మెర్ల్ ఆ షెడ్డులోనే ఒకసారి గురి చూశాడట. మూడున్నర పౌన్లు వాడి వేలికి లొంగలేదు. ఓర్విల్ ఆ వేలిని చూశాడట, పిస్తోలు వెనక్కి తీసుకున్నాడట. వారం పోయాక రమ్మన్నాడు. వాడు మళ్లీ వెళ్లేసరికి ట్రిగ్గర్ రెండున్నరకు దిగి ఉంది. జీవితంలో ఒకేఒక్కసారి ఆ మనిషి తన నియమం తప్పాడు. తప్పింది డబ్బు కోసం కాదు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం మెర్ల్ అక్కణ్నుంచి తిన్నగా నా కొట్టుకొచ్చాడు. అట్టపెట్టెను రెండు చేతులతో పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టాడు. కాఫీ కుండ చుట్టూ ఉన్న నలుగురూ లేచొచ్చారు. పెట్టె తెరిస్తే, సరే, బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీకి ఎర్ర దారంతో ఒక చీటీ కట్టి ఉంది. ఓర్విల్ చేతిరాత.

"ఇలా తే, మా గొప్పోడి ఉత్తరం చదువుదాం" అన్నాను.

"మెల్లగా, లైల్" అన్నాడు మెర్ల్.

నేను చీటీ పైకెత్తి, పాస్టరు బైబిలు చదివినట్టు సాగదీసి చదివాను. "లోపల తూటా లేనప్పుడు పైదిమ్మను లాగి వదిలెయ్యకండి. చేత్తో పట్టుకుని నెమ్మదిగా ముందుకు నడిపించండి. ఓ.టి."

అందరూ నవ్వారు.

"నాలుగు వేలు పోసి కొన్నదాన్ని చెయ్యి పట్టుకుని నడిపించాలంట. ముసల్దానికి రోడ్డు దాటించినట్టు. ఏమయ్యా మెర్ల్, రాత్రి పూట దుప్పటి కూడా కప్పాలా?"

"ఇచ్చెయ్, లైల్."

"ఉండవయ్యా. నా ఐదొందలది రోజుకు వందసార్లు ఇలా కొడతా, ఏమైంది దానికి? ఇనుము ఇనుమే." అని పైదిమ్మను వెనక్కి లాగి వదిలేశాను. ఠాప్ మంది. మళ్లీ లాగాను. ఠాప్. మెర్ల్ మొహం తెల్లబోయింది. ఆ మొహం చూసి ఆగవలసింది. ఆగకపోగా ఇంకా హుషారొచ్చింది. మొత్తం ఐదుసార్లు.

తుపాకీ ప్రేమికుల మధ్య ఇలాంటి పని ఎవడూ చెయ్యడు. లోపల తూటా ఉంటే ఆ దిమ్మ దాన్ని తోసుకుంటూ వెళ్లి వేగం తగ్గుతుంది. ఖాళీగా ఉంటే బలమంతా సుత్తి మీదా, దాన్ని పట్టుకున్న ఆ చిన్న కొక్కెం మీదా పడుతుంది. నా అరలోదానికి ఏమీ కాదు, దాని కొక్కెం లావుగా ఉంటుంది. ఓర్విల్ పలచగా కోసినదానికి అవుతుంది. ఇది నాకు తెలియదా? తెలుసు. తెలిసే చేశాను. ఏమీ కాదని చూపించాలని చేశాను.

మెర్ల్ పిస్తోలు తీసుకుని పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ శనివారం రేంజిలో వాడికి రెండు బల్లల అవతల నేనున్నాను. మొదటి పదిహేను గుళ్లూ కాగితం నడిమధ్య, కాఫీ కప్పు అంచంత చోటులో పడ్డాయి. మెర్ల్ నావైపు తిరిగి నవ్వాడు. అంత చిన్నపిల్లాడి నవ్వు వాడి మొహంలో నేనెప్పుడూ చూడలేదు. మళ్లీ తూటాలు నింపుకుని చెయ్యి చాచాడు. ఈసారి రెండు చప్పుళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చాయి. మొదటి దెబ్బకు చెయ్యి పైకి లేచింది, లేచిన చేతిలో పిస్తోలు తనంతట తనే ఇంకోసారి పేలింది. ఆ రెండో గుండు, గుళ్లు ఆపడానికి పోసిన మట్టికట్ట దాటిపోయింది.

సుత్తిని కొక్కెం పట్టుకోలేదని నాకు వెంటనే తెలిసింది.

కట్ట వెనక, అర మైలు కూడా లేదు, రోసాలీ ఎంగర్ ఇల్లు. రోసాలీ మా ఊరి కెఫేలో వంట చేసేది. రుబార్బ్ కాడల తీపి రొట్టె ఎవరైనా రెండో ముక్క అడిగితే, ముందు నడుం చుట్టుకొలత చూసి ఇచ్చేది. ఆ పొద్దున పెరట్లో చివరి బంగాళాదుంపలు తవ్వుకుంటోంది. గుండు మెడ పక్కన తగిలింది. అంబులెన్సు ఊరు దాటకముందే పోయింది.

చావుకు కారణం తేల్చే కరోనర్ విచారణ ఊరి హాల్లో పెట్టారు. మెర్ల్ నిలబడలేక కుర్చీలో కూర్చునే చెప్పాడు. తన వేలు తన మాట వినడం లేదని, తెలియకుండా రెండుసార్లు లాగేశానేమోనని అన్నాడు. తర్వాత నన్ను పిలిచారు.

"మిస్టర్ ఫాసమ్, ఈ పిస్తోలు ఇంకెవరైనా చేత్తో పట్టుకున్నారా?"

"నా కొట్లో చూశామండి. అందరం చూశాం."

"చూడ్డం తప్ప ఇంకేమైనా?"

"లేదండి."

కాఫీ కుండ దగ్గరి నలుగురూ వెనక వరసలో ఉన్నారు. ఒక్కడూ తలెత్తలేదు. మెర్ల్ నేలచూపులు చూస్తున్నాడు.

ఆఖరికి ఓర్విల్‌ని పిలిచారు. విప్పిన భాగాలు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టారు. ఆయన జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని, గోరంత ఉన్న ఆ కొక్కేన్ని వెలుతురుకు తిప్పితిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అంచు చితికిందండి" అన్నాడు.

"కారణం?"

భూతద్దం తీసి, తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. "నేను పలచగా కోశాను. కొయ్యకూడనంత పలచగా. తప్పు నాది."

ప్రమాదమని రాసి విచారణ ముగించారు. జైలు లేదు, కేసు లేదు. కానీ రోసాలీ మొగుడు హాలు బయట ఓర్విల్ ముందు నిలబడి, ఆయన బూట్ల మీద ఉమ్మేసి వెళ్లాడు. ఓర్విల్ తుడుచుకోలేదు.

తర్వాతి మంగళవారం మధ్యాహ్నం కొట్టుకొచ్చాడు. ఎవరూ లేరు. ఏమీ కొనడానికి రాలేదని మొహం చూస్తేనే తెలిసింది. టోపీ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఎన్నిసార్లు?" అన్నాడు.

"ఏంటండీ?"

"ఎన్నిసార్లు వదిలావు?"

"రెండు" అన్నాను. ఆ సమయంలో కూడా అబద్ధమే వచ్చింది.

"ఇంకా ఎక్కువే. గుర్తులు చెప్తాయి." గొంతు పెంచలేదు. "మెర్ల్ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. వాడు నీ కొట్టుకెళ్తానని నాకు చెప్పి బయల్దేరాడు, అందుకని అడుగుతున్నా."

"మరి అక్కడ అందరి ముందూ ఎందుకు చెప్పలేదు మీరు?"

"చెప్తే ఏమవుతుంది? నేను చేసిన వస్తువు ఒక వెధవ ఐదు నిమిషాలు ఆడుకుంటే మనిషిని చంపేలా ఉందన్నమాట. వెధవలు ఎక్కడ లేరు, లైల్. వాళ్లని కూడా లెక్కేసుకుని చెయ్యాల్సింది నేను. నాలుగు వేలు తీసుకున్నది నేను." టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు. "నీ మాట నువ్వే చెప్పుకోవాలి. నీ తరఫున నేను చెప్పను."

అప్పుడు చెప్పాలి. ఆ రోజే షెరిఫ్ దగ్గరికెళ్లి చెప్పాలి. ఊరు కొంచెం చల్లబడ్డాక చెబుదాంలే అనుకున్నాను. చల్లబడ్డాక, ఇప్పుడెందుకు కెలకడం అనుకున్నాను. పిరికితనానికి సాకులు దొరక్కపోవడమంటూ ఉండదు.

ఈలోగా ఓర్విల్ పేరు కుళ్లిపోయింది. ఈ పిస్తోళ్ల పిచ్చోళ్లు ఒకళ్లనొకళ్లు ఎరక్కపోయినా కబురు మాత్రం మూడు రోజుల్లో దేశమంతా పాకించేస్తారు. టాంగెన్ ట్రిగ్గర్లు వాటంతటవే పేలుతాయన్నారు. జాబితాలో ఉన్న నలభై ఒక్కమందీ ఒక్కొక్కరే పేరు కొట్టేయించుకున్నారు. పాత పిస్తోళ్లు పెట్టెల్లో తిరిగొచ్చాయి. వాటిలో ఏ ఒక్కటీ మూడున్నరకు తగ్గలేదు, ఏ ఒక్కదాంట్లోనూ దోషం లేదు. అయినా ఆయన ప్రతిదాన్నీ విప్పి, కొత్త కొక్కెం వేసి, తన ఖర్చుతోనే వెనక్కి పంపాడు. దానికే ఏడాది పట్టింది. ఆ తర్వాత అదే షెడ్డులో గడ్డి కోసే మరల బ్లేళ్లకూ, రంపాలకూ పదును పెట్టాడు. నేను కూడా నా కొట్టుకొచ్చిన బ్లేళ్లు ఆయనకే పంపించేవాణ్ణి. ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. అవి తిరిగొస్తే అంచు మీద వెంట్రుక పెట్టి ఊదితే తెగేది. పచ్చగడ్డి కొయ్యడానికి అంత పదును.

మూడో చలికాలంలో ఆ సాన దగ్గరే గుండె ఆగి పడిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి పిలవడానికెళ్లిన ఇనెజ్ చూసింది. సమాధి దగ్గర పదకొండుమందిమి ఉన్నాం.

ఇక చూడండి తమాషా. మనిషి పోయిన ఏడాదికల్లా అవే పిస్తోళ్ల ధర రెట్టింపైంది. ఇక చెయ్యడు కదా, అందుకు. భయపడి తిప్పి పంపినవాళ్లే ఇప్పుడు వాటిని అద్దాల పెట్టెల్లో పెట్టుకుని, పేల్చకుండా చూసుకుని మురిసిపోతున్నారు. ధర చేస్తుందా అని నన్నడుగుతారు. ఏం చెప్పను నా బొంద.

మొన్న వసంతంలో మెర్ల్‌ని వృద్ధాశ్రమంలో చేర్చారని తెలిసింది. ఆరున్నరేళ్లు వాడికి ఎదురుపడకుండా తిరిగాను. వాడు రోడ్డుకు ఆ పక్కనుంటే నేను ఈ పక్కకు మారేవాణ్ణి. తన వేలే రోసాలీని చంపిందనుకుంటూ చచ్చిపోతాడేమోనని భయం పట్టుకుంది. ఆ ఒక్కటైనా దించాలని వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని జావ తాగుతున్నాడు. వేళ్లు చెట్టు వేళ్లలా మెలికలు తిరిగిపోయాయి.

"మెర్ల్, నీ వేలు కాదయ్యా. ఆ రోజు కౌంటర్ దగ్గర నేను..."

"ఐదుసార్లు" అన్నాడు. "నేను లెక్కపెట్టాను."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాకు తెలుసు, లైల్. నువ్వు మూడోసారి వదిలినప్పుడే లోపల అంచు పోయుంటుందనుకున్నా. తీసుకెళ్లి ఆయనకిచ్చుంటే అరగంటలో కొత్తది వేసేవాడు. పదకొండు మైళ్లే కదా."

"మరి ఎందుకు వెళ్లలేదు?"

చెంచా గిన్నెలో పెట్టాడు.

"సిగ్గేసింది. నా కోసం నియమం తప్పి చేశాడు. చేతిలో పెడుతూ ఒకే మాటన్నాడు. ఇది నీ వేలి కోసం చేసింది, మెర్ల్, ఇంకొకళ్ల చేతికివ్వకు అన్నాడు. గంట తిరక్కుండా నీ చేతిలో పెట్టా. గొప్ప చూపించుకోవాలని. ఏ మొహంతో వెళ్లను?" గిన్నె పక్కకు జరిపాడు. "శనివారం ఒకసారి పేల్చి చూసుకుని, బాగుంటే ఇంక చెప్పక్కర్లేదనుకున్నా. పదిహేను గుళ్లు బాగానే పోయాయి. నీవైపు చూసి నవ్వాను కూడా."

విచారణలో వేలు తన మాట వినలేదని ఎందుకన్నావని అడగలేదు. అడగడానికి నాకేం అర్హత ఉంది? ఇద్దరం కూర్చుని జావ చల్లారడం చూశాం.

వచ్చే ముందు అన్నాడు. "నాకింక లేచి వెళ్లే ఓపిక లేదు. నువ్వెళ్లు. ఇనెజ్‌కి ఇద్దరి సంగతీ చెప్పు."

ఆ మధ్యాహ్నమే కంకర రోడ్డు పట్టాను. ఇనెజ్ తలుపు తీసి, జాలీ తలుపు మాత్రం తియ్యకుండా దాని వెనకే నిలబడింది. నేను టోపీ తీసి, మెట్టు మీద నిలబడి, చీటీ చదవడం దగ్గర్నుంచి మెర్ల్ చెప్పినదాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. షెరిఫ్ దగ్గరకూ వెళ్తానన్నాను, పేపర్లోనూ వేయిస్తానన్నాను. ఆయన పేరు మళ్లీ నిలబెడతానని కూడా అన్నాను, సిగ్గు లేకుండా.

అంతా అయ్యాక ఆవిడ షెడ్డు వైపు చూసింది.

"ఆయనకివన్నీ తెలుసు, లైల్. విచారణ నుంచి రాగానే నాకు చెప్పాడు. తప్పులో నీదెంత, మెర్ల్‌ది ఎంత, తనదెంత అని విడివిడిగా చెప్పాడు."

"మెర్ల్ సంగతి కూడానా?"

"పాడైందని తెలిస్తే మెర్ల్ తన దగ్గరికే వస్తాడని నమ్మాడు. రాలేదంటే సిగ్గుపడి ఉంటాడన్నాడు." జాలీ మీద చెయ్యి వేసింది. "కంకర మీద బండి చప్పుడైనప్పుడల్లా సాన ఆపేసి వచ్చి తలుపులో నిలబడేవాడు. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు వస్తారని. మూడు చలికాలాలు అలాగే నిలబడ్డాడు."

నేను ఇంకో మెట్టు ఎక్కబోయాను.

"ఇప్పుడు నాకు చెప్తే నేనేం చేసుకోను?" అంది, తలుపు వేసుకుంది.